మా ఇంట్లో మూడు మాయాబజార్లు

మా ఇంట్లో మాయాబజార్ మూడు రకాలుగా ఉంది. మొదటిది మా తాత కొన్న వీసీడీ. రెండోది నెల్లూరు నుంచి మామయ్య తెచ్చిన రంగుల డీవీడీ. మూడోది డిస్కు కాదు, టీవీలో నెట్ పెట్టుకుని చూసేది. సినిమా ఒకటే, 1957లో వచ్చిన కె.వి.రెడ్డి గారి మాయాబజార్. కానీ మూడూ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూస్తే మూడూ ఒకటి కాదని తెలుస్తుంది. ఏది అసలుది అనే గొడవ మా ఇంట్లో మొదలై, క్లాసులోకి వచ్చి, చివరికి మా తెలుగు సారు "నోటితో అరిస్తే ఏం లాభం, రాసి పత్రికకి ఇవ్వమ్మా" అనేదాకా వెళ్లింది. అందుకే రాస్తున్నాను.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం కదా. ఆ రోజు మధ్యాహ్నం ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరికీ హాల్లో సినిమా వేద్దామని సారు అన్నారు. మాయాబజార్ అనగానే ఎవరూ కాదనలేదు. మా బళ్లో పదో తరగతి వాళ్లు తొమ్మిదో తరగతి వాళ్లని "తసమదీయులు" అంటారు. ఆ మాటని మాయాబజార్ కోసం పింగళి నాగేంద్రరావు గారు పుట్టించారని సగం మందికి తెలియదు, అయినా వాడతారు. మద్రాసులో ఉంటూ తెలుగు మీడియంలో చదివే మాకు ఇల్లూ బడీ దాటితే తెలుగు వినిపించేది సినిమాల్లోనే. "డిస్కు ఎవరి దగ్గరుంది?" అని సారు అడిగితే నేనే చెయ్యెత్తాను. రంగులది తెస్తానన్నాను. నలుపు తెలుపుది కూడా ఇంట్లో ఉందని చెప్పనే లేదు. గీతలు, మచ్చలు, అదెవరు చూస్తారులే అనుకున్నాను.

ముందు రోజు రాత్రి డిస్కు ఆడుతుందో లేదో చూద్దామని ఇంట్లో వేశాను. అవ్వ పక్కన కూర్చుంది. సినిమా నడిచి నడిచి పడవ పాట దగ్గరికి వచ్చింది. అభిమన్యుడు, శశిరేఖ వెన్నెల్లో పడవ మీద వెళ్తుంటారు, వాళ్ల తర్వాత కృష్ణుడూ రుక్మిణీ, ఆ తర్వాత బలరాముడూ రేవతీ అదే పడవ ఎక్కుతారు, ఆ పాట. అవ్వ కాసేపు చూసి, "ఏంది పాపా, వెన్నెలకి నీలిమందు పెట్టినారా?" అంది.

నేను నవ్వాను. పోయిన ఏడాదే అవ్వ కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయింది. అయిన కొత్తలో గోడలు, పాలు, అన్నం కూడా నీలంగా కనిపిస్తున్నాయని అనేది. అదే అయ్యుంటుంది అనుకున్నాను. కానీ అవ్వ లేచి, బీరువా కింద అరలోంచి తాత వీసీడీలు తీసుకొచ్చి ఇచ్చింది. అట్టల మీద తాత రాసిన 1, 2, 3 అంకెలు ఇంకా ఉన్నాయి. తాత లేరు ఇప్పుడు. అదే పాట వెతికి వేశాను. ఆ తర్వాత నవ్వలేదు.

వీసీడీ బొమ్మ ఎంత చిన్నదో ముందు చెప్పాలి. అందులో ఒక బొమ్మకి అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలే ఉంటాయి. మొత్తం కలిపితే లక్షకి కొంచెం ఎక్కువ. ఇప్పటి ఫుల్ హెచ్‌డీ టీవీ తెర మీద 20 లక్షల పైన చుక్కలుంటాయి. అంటే ఆ లక్ష చుక్కల్నే టీవీ సాగదీసి చూపిస్తుంది. అందుకే ఎవరైనా చెయ్యి గబుక్కున ఊపితే గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది. ఒక్క సీడీలో గంటా పావు సినిమాకి మించి పట్టదు కాబట్టి మూడు గంటల మాయాబజార్ మూడు సీడీలు అయింది. సీడీ మార్చే టైములో అవ్వ లేచి పొయ్యి మీద అన్నం చూసి వచ్చేదట. మా ఇంట్లో అదే ఇంటర్వెల్.

అంత చిన్న బొమ్మలో కూడా ఆ వెన్నెల బతికే ఉంది. కెమెరా పట్టింది మార్కస్ బార్ట్లే గారు. పాతాళభైరవి, మిస్సమ్మ, గుండమ్మ కథ కూడా ఆయన తీసినవే. ఆ పాటలో ఎక్కువ భాగం వెన్నెల చంద్రుడిది కాదు, ఇక్కడే వడపళనిలో విజయా-వాహినీ స్టూడియోలో దీపాలు పెట్టి చేసింది. నలుపు తెలుపులో చూస్తే నీళ్లు దాదాపు నల్లగా ఉంటాయి, వాటి మీద కదిలే తళుకు మాత్రం తెల్లగా. ఆకాశం వాటి రెండింటికీ మధ్యలో ఇంకో బూడిద రంగు. సావిత్రి గారి ముఖం మీద ఒక పక్క వెలుగు, రెండో పక్క నీడ, ఆ నీడలో కూడా కళ్లు కనిపిస్తాయి. ఒక్కొక్క మెట్టూ దిగినట్టు తెలుపు నుంచి నలుపుకి వెళ్తుంది. రంగుల కాపీలో ఈ మెట్లు లేవు. నీళ్లూ ఆకాశమూ చెట్లూ అన్నీ కలిసి ఒకటే నీలం. అందులో ముఖాలు మాత్రం గోధుమ రంగు. పుస్తకం అట్టకి స్టిక్కర్ అతికించినట్టు ఉన్నాయి. చీకటిగా ఉన్న చోట బాగానే కనిపించేలా చేశారు, అది ఒప్పుకుంటాను. కానీ వెన్నెల అంటే బాగా కనిపించడం కాదు కదా!

అవ్వ మాట నిజమే. ఆపరేషన్ చేసిన కళ్లే సరిగ్గా చూశాయి.

(పాట ఆడుతుంటే పక్కింటి ఆంటీ వచ్చి "పడవలో ఉండాల్సింది జెమినీ గణేశన్ కదా" అంది. ఆమె తప్పేం లేదు. ఈ సినిమాని తెలుగులోనూ తమిళంలోనూ కలిపి తీశారు. మన అభిమన్యుడు నాగేశ్వరరావు గారు, వాళ్ల అభిమన్యుడు జెమినీ. మన లక్ష్మణకుమారుడు రేలంగి, వాళ్లకి తంగవేలు. సావిత్రి గారూ రామారావు గారూ మాత్రం రెండింటిలోనూ ఉన్నారు. రుక్మిణిగా వేసిన సంధ్య గారు జయలలిత గారి అమ్మ అని నాకు చెప్పింది కూడా ఆ ఆంటీయే.)

ఇక్కడ నా స్నేహితుడొకడు ఒక మాటన్నాడు. "అప్పట్లో రంగులకి డబ్బుల్లేక నలుపు తెలుపులో తీశారు. ఉంటే వాళ్లూ రంగుల్లోనే తీసేవాళ్లు. ఇప్పుడు ఎవరో వేసి ఇస్తే నీకేంటి నొప్పి?" చాలామంది ఇదే అంటారు కాబట్టి దీనికి జవాబు చెప్పాలి. వాళ్లు రంగుల్లో తీసి ఉంటే ఇలా తీసేవాళ్లు కాదు. నలుపు తెలుపు ఫిల్ములో ఎరుపు బట్టా ఆకుపచ్చ బట్టా పక్కపక్కన పెడితే ఒక్కోసారి రెండూ ఒకే బూడిద రంగుగా పడతాయి. అందుకని బట్టలైనా, సెట్టుకి వేసే రంగులైనా, మేకప్ అయినా కంటికి ఎలా ఉన్నాయని కాదు, ఫిల్ము మీద ఎలా పడతాయని చూసి ఎంచుకోవాలి. దీపాలు కూడా అంతే. గోఖలే గారూ కళాధర్ గారూ కట్టిన సెట్లన్నీ ఆ లెక్కతో చూడాల్సినవే. రంగు వేసేవాళ్లకి ఆ బట్ట అసలు రంగు ఏంటో తెలిసే దారి ఆ బొమ్మలో లేదు. బూడిద రంగు చూసి ఊహించాలి. శశిరేఖ పట్టుచీర ఏ రంగని మనం ఇన్నేళ్లూ మనసులో అనుకున్నామో అది పోయి, ఇంకెవరో అనుకున్నది మన కళ్లకి వచ్చింది.

మా సారు దీనికి ఇంకో ఉదాహరణ చెప్పారు. హిందీలో 1960లో వచ్చిన మొఘల్-ఎ-ఆజమ్‌కి 2004లో రంగులు వేశారు. ఆ సినిమాలో అద్దాల మహల్ పాటా చివరి రీళ్లూ ముందే రంగుల్లో ఉన్నాయి. అవి చూశాక కె.ఆసిఫ్ గారు సినిమా అంతా మళ్లీ రంగుల్లో తియ్యాలనుకున్నారట, కొన్నవాళ్లు ఒప్పుకోలేదు. అంటే అక్కడ దర్శకుడికి ఆ కోరిక ఉంది, ఆయన వేసిన రంగులు కొన్ని రీళ్లలో కళ్ల ముందున్నాయి, మిగతాదానికి అదే దారి చూపిస్తుంది. మాయాబజార్‌లో అలాంటి రీలు ఒక్కటీ లేదు. రెండింటినీ ఒక గాటన కట్టెయ్యకూడదు.

రంగు సంగతి అలా ఉంచండి. నాకు రంగు కంటే ఎక్కువ కోపం తెప్పించింది కత్తిరింపు. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే పోయింది కనిపించదు.

పాత సినిమాల బొమ్మ దాదాపు మన పాత టీవీ ఆకారంలో ఉంటుంది, నాలుగు వెడల్పుకి మూడు ఎత్తు. ఇప్పటి టీవీ పదహారు వెడల్పుకి తొమ్మిది ఎత్తు. లెక్కల నోటులోంచి గ్రాఫు కాగితం చించి గీసి చూశాను. పాత బొమ్మని 16 గళ్ల వెడల్పుతో గీస్తే ఎత్తు 12 గళ్లు వస్తుంది. అందులోంచి కొత్త టీవీకి సరిపోయేలా 16కి 9 తీసుకుంటే మూడు వరసలు పోతాయి. 192 గళ్లలో 48. సరిగ్గా నాలుగో వంతు! 2010లో రంగుల మాయాబజార్ థియేటర్లకి వచ్చినప్పుడు బొమ్మని స్కోప్ ఆకారంలోకి మార్చారు. స్కోప్ అంటే ఇంకా వెడల్పు. 16 గళ్ల వెడల్పుకి ఏడు గళ్ల ఎత్తు కూడా రాదు. పన్నెండులో అయిదు వరసలు పైనో కిందో వదిలెయ్యాలి.

ఏం పోయిందో వీసీడీ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారిన తర్వాత సావిత్రి గారి నటన అందరికీ తెలుసు. ముఖం ఆడపిల్లదే, కానీ భుజాలు విరుచుకుని, కాళ్లు ఎడంగా వేసి, గద పట్టుకునే అలవాటున్న చేతులతో నడుస్తారు. ఆ నవ్వంతా ఒళ్లంతా కనిపిస్తేనే వస్తుంది. మా డీవీడీలో కొన్ని చోట్ల పాదాలు లేవు. మోకాళ్ల దగ్గర తెర అయిపోయింది. రంగారావు గారి విందు పాటలో కిరీటం పైభాగం తెరకి తగులుతూ ఉంటుంది. అంత మనిషి చిన్న గదిలో తల వంచుకుని తింటున్నట్టు అనిపించింది. వీసీడీలో ఆయన తల మీద బోలెడు చోటు ఉంది, లడ్డూలు గాల్లోంచి నోట్లోకి రావడానికి కూడా దారి ఉంది. కంప్యూటర్ లేని రోజుల్లో కెమెరాతో, దీపాలతో చేసిన ఇంద్రజాలం అది. సినిమాలో ద్వారక ఊరు చూపిస్తారు కదా, మూడు వందల చిన్న చిన్న ఇళ్లతో బొమ్మ ఊరు కట్టి తీసింది. ఇంత పని చేసి కట్టిన ఊళ్లో పైనా కిందా కోసేస్తే మిగిలేది ఒక వీధి.

కోసేటప్పుడు ఒక్కొక్క షాటుకీ పైన తియ్యాలా, కింద తియ్యాలా అని ఎవరో నిర్ణయించాలి. అంటే బార్ట్లే గారి కెమెరా వెనక యాభై ఏళ్ల తర్వాత ఇంకొకరు వచ్చి నిలబడ్డారు. ఆయన పేరు టైటిల్స్‌లో నాకు కనిపించలేదు.

మాటల సంగతి చిన్నగా చెప్పి ముగిస్తాను. అసలు సినిమాలో శబ్దం ఒకే దారిలో వస్తుంది. రంగులది చేసినప్పుడు థియేటర్ కోసం దాన్ని అయిదారు స్పీకర్లకి పంచారు. థియేటర్లో బాగుండేదేమో. మా టీవీకి ఉన్నవి రెండు బుల్లి స్పీకర్లు. వాటిలో వాయిద్యాలు ముందుకి, మాటలు వెనక్కి వెళ్లాయి. పింగళి గారి మాటల కోసం చూసే సినిమాలో మాటే వినపడకపోతే, మా చెల్లిలాంటి వాళ్లు తెలుగు ఎక్కడ నేర్చుకుంటారు? అది "గింబళి"ని "కంబళి" అనే అనుకుంది. మొత్తం నవ్వంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది.

ఇక మూడోది, నెట్‌లో ఉన్నది. మేం చూసిన కాపీ నలుపు తెలుపే, అందుకు సంతోషించాను. కానీ ఎవరు పెట్టారో గానీ కొత్త టీవీకి సరిపోవాలని కత్తిరించలేదు, అడ్డంగా లాగారు. సావిత్రి గారు లావయ్యారు, చంద్రుడు దోసకాయ అయ్యాడు. రంగారావు గారిని లాగాల్సిన పని అసలు ఏముందో నాకు తెలియదు. మూలన ఒక గుర్తు మూడు గంటలూ వెలుగుతూనే ఉంటుంది. పైగా మచ్చలు తుడవాలని బొమ్మని ఎంత నున్నగా చేశారంటే బుగ్గలు మైనం ముద్దల్లా ఉన్నాయి. ఫిల్ము మీద బొమ్మ ఏర్పడేది సన్నటి వెండి రేణువులతో. దగ్గరగా చూస్తే ఇసక చల్లినట్టు కదులుతూ ఉంటుంది. అది మురికి కాదు, బొమ్మే అది. మురికీ రేణువూ తేడా తెలియని కంప్యూటర్ రెండింటినీ కలిపి తుడిచేస్తే కనుబొమల వెంట్రుకలు కూడా పోతాయి.

దీనికి తోడు మా టీవీ. సినిమాలో సెకనుకి 24 బొమ్మలుంటాయి. కొత్త టీవీలు వాటి మధ్యలో లేని బొమ్మల్ని తామే తయారు చేసి ఇరికిస్తాయి, కదలిక నున్నగా ఉండాలని. అవ్వ చూసి "ఇదేంది, సీరియల్ మాదిరిగా ఉంది" అంది. సెట్టింగుల్లో వెతికి ఆపేశాను. కాబట్టి తప్పంతా కాపీలు చేసేవాళ్లదే అనడం కూడా న్యాయం కాదు, కొంత మన రిమోట్‌లోనే ఉంది.

సరే, సినిమా వేసిన రోజు ఏమైంది? రంగులదే వేశాం. అప్పటికి ఇంకో ఏర్పాటు చేసే టైము లేదు. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. కానీ ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను: హాలు అదిరిపోయింది. ఆరో తరగతి పిల్లలు విందు పాటకి బల్లలు కొట్టారు. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు లక్ష్మణకుమారుణ్ని ఏడిపిస్తుంటే ఒకడు నవ్వలేక కింద కూర్చున్నాడు. నలుపు తెలుపుది వేసి ఉంటే వీళ్లు పదిహేను నిమిషాలకే నీళ్లు తాగడానికి లేచేవాళ్లని నా స్నేహితుడు అన్నాడు. కాదని నేను గట్టిగా అనలేను.

మర్నాడు సారు ఒక పని చేశారు. వీసీడీ తెమ్మని, మా క్లాసుకీ ఆరో తరగతికీ కలిపి పడవ పాట ఒక్కటే వేశారు, కిటికీలు మూసి. ఏమీ చెప్పకుండా వేశారు. మొదట్లో "కలర్ రాలేదు సార్" అని ఇద్దరు అరిచారు. తర్వాత ఎవరూ అరవలేదు. అయిపోయాక ఆరో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది, "సార్, నిన్న రాత్రి అవలేదు కదా, ఇవాళ ఎందుకు రాత్రయింది?" అని. నేను ఇంతసేపు రాసిన దానికంటే అది బాగుంది.

కాబట్టి పిల్లలు చూడరు అనే మాట సగమే నిజం. వాళ్లకి చూపించే కాపీ ఎలా ఉందన్నది మిగతా సగం. ఇక్కడే నాకు అసలు ప్రశ్న వచ్చింది. మా ఇంట్లో శుభ్రంగా, స్పష్టంగా ఉన్నది ఒక్క రంగుల కాపీయే. అది అసలు ఆకారంలో లేదు. అసలు ఆకారంలో ఉన్నది గళ్లు గళ్లుగా, గీతలతో ఉంది. రెండూ ఒకే కాపీలో ఎందుకు ఉండకూడదు?

ఒక ప్రయోగం చేశాను. రంగుల డీవీడీ పెట్టి, టీవీలో రంగుని సున్నాకి తగ్గించాను. రెండు నిమిషాలు చాలా సంతోషపడ్డాను. గీతల్లేవు, మచ్చల్లేవు, నలుపు తెలుపు మాయాబజార్! అమ్మని కూడా పిలిచాను. పడవ పాట వచ్చేసరికి మళ్లీ అదే. వెన్నెల బార్ట్లే గారిది కాదు. నీలం మీద రంగు తీసేస్తే చప్పటి బూడిద మిగిలింది, నీళ్ల తళుకు మాత్రం వెనక్కి రాలేదు. పాదాలు ఎలాగూ రావు. కాఫీలో పాలు పోశాక డికాక్షన్ వెనక్కి తియ్యలేం అని అమ్మ అంది.

అయితే ఆ ప్రయోగం వల్ల ఒకటి తెలిసింది. రంగు వెయ్యాలంటే ముందు పాత ఫిల్ముని ఒక్కో బొమ్మా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. గీతలు, మచ్చలు తుడవాలి. ఆ తర్వాతే రంగు. అంటే రంగు వెయ్యక ముందు, కత్తిరించక ముందు, శుభ్రం చేసిన నలుపు తెలుపు బొమ్మలు ఏదో ఒక దశలో ఒక కంప్యూటర్‌లో ఉండే ఉండాలి. హైదరాబాదులో అంతమంది నెలల తరబడి కూర్చుని చేసిన పనిలో నాకు కావల్సింది ఆ మధ్య దశ. దాన్ని రెండో డిస్కుగా వేసి అదే డబ్బాలో పెట్టి ఉంటే ఈ గొడవే లేదు. రంగులు కావాలన్నవాళ్లు రంగులు చూసేవాళ్లు, మా అవ్వ వెన్నెల చూసేది. ఇదేం జరగని పని కాదు. అమెరికాలో రే హ్యారీహౌసెన్ అనే ట్రిక్కుల ఆయన 1957లోనే చేసిన 20 మిలియన్ మైల్స్ టు ఎర్త్ అనే సినిమాని 2007లో రంగులు వేసి డీవీడీ తెచ్చినప్పుడు, నలుపు తెలుపుది కూడా అందులోనే పెట్టారు. సినిమా నడుస్తుండగానే రిమోట్ నొక్కి అటూ ఇటూ మారొచ్చు. పైగా ఆయన బతికుండి దగ్గరుండి చూసుకున్న రంగులు అవి.

మన దేశం సినిమానే ఇంకోటి. సత్యజిత్ రాయ్ పథేర్ పాంచాలి నెగటివ్ 1993లో లండన్ ల్యాబులో మంటల్లో కాలింది. కాలినదాన్ని పారెయ్యకుండా దాచారు. చాలా ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యాలో ఆ పెళుసెక్కిన ముక్కల్ని మెత్తబరిచి, పనికొచ్చినంత వాడుకుని, మిగతాది వేరే కాపీల నుంచి తీసుకుని 2015లో సినిమాని మళ్లీ నిలబెట్టారు. ఇంటికి కొనుక్కునే డిస్కు కూడా వచ్చింది. నలుపు తెలుపులోనే, పాత ఆకారంలోనే, రేణువులతోనే. టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, అంతే. కాలిపోయిన సినిమాకి అంత మర్యాద జరిగితే, కాలకుండా ఉన్న సినిమాకి ఎందుకు జరగకూడదు?

నల్ల పట్టీలంటే మన ఇళ్లల్లో చాలామందికి భయం. "తెర అంతా రావట్లేదు, టీవీ పాడయిందా" అంటారు. మా నాన్న కూడా అదే అని రిమోట్ తీసి లాగేస్తారు. పట్టీ ఉంటే సినిమా తగ్గినట్టు కాదు నాన్నా, లేకపోతేనే తగ్గినట్టు అని గ్రాఫు కాగితం చూపించి చెప్పాను. ఇప్పుడు లాగరు. నేను ఇంట్లో ఉన్నప్పుడు లాగరు.

ఇదంతా ఎందుకింత పట్టించుకుంటున్నానో కూడా చెప్తాను. పోయిన నెల వడపళని మాల్‌కి వెళ్లాం. ఆ వెన్నెల చేసిన విజయా-వాహినీ స్థలంలోనే ఆ మాల్ కట్టారని నాన్న చెప్పారు. నాగిరెడ్డి గారు పెట్టిన విజయా ఆసుపత్రి కూడా అక్కడే ఉంది. మూడో అంతస్తులో పిజ్జా తింటూ, ఇక్కడెక్కడో నీళ్లు నింపి, పడవ పెట్టి, దీపాలు వేలాడదీసి ఉంటారని అనుకున్నాను. ఇప్పుడు అక్కడికి వెళ్లి ఏమీ చూడలేం. సినిమా తీసినవాళ్లలో చాలామంది లేరు. మద్రాసు తెలుగు వాళ్లం మాకు ఆ స్టూడియో మా ఊరి గుడి లాంటిది. గుడి పోయింది, లోపలి బొమ్మ ఒక్కటే మిగిలింది. అది కూడా మా ఇళ్లల్లో గళ్ల వీసీడీగానో, తల కోసిన డీవీడీగానో.

సినిమాలో ప్రియదర్శిని పేటిక ఉంది కదా, తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్లకి కనిపిస్తుంది. మా అవ్వ తెరిస్తే ఆ నల్లటి నీళ్ల మీది తెల్ల తళుకు కనిపించాలని నా కోరిక. చిన్నప్పుడు వాళ్ల నాయన భుజాల మీద కూర్చుని చూసిందట.

సారు మా రెండు కాపీలూ బడి లైబ్రరీకి అడిగారు. అమ్మ ఒప్పుకుంది, అవ్వ నాలుగు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. అట్టల మీద చీటీలు నేనే రాశాను. అమెరికాలో 1988లో ఒక చట్టం వచ్చిందట, ప్రభుత్వం ఎంచిన గొప్ప సినిమాల్ని ఎవరైనా మార్చి అమ్మితే మార్చామని అట్ట మీద రాయాలని. అది చదివాకే నాకీ ఆలోచన వచ్చింది. వీసీడీ మీద ఇలా రాశాను: "నలుపు తెలుపు. అసలు ఆకారం. గీతలు, గళ్లు ఉన్నాయి." డీవీడీ మీద: "తర్వాత రంగులు వేసినది. పైనా కిందా కత్తిరించినది. శుభ్రంగా ఉంది." రెండూ తీసుకెళ్లి ఇంట్లో వేసి చూడండి, టీవీలో బొమ్మ ఆకారం 4:3కి మార్చుకోవడం మాత్రం వీసీడీకి మరచిపోవద్దు.

ఒక్క ఇబ్బంది ఉంది. మా మూడో సీడీ పెళ్లి దగ్గర గీసుకుపోయి ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఘటోత్కచుడు ఎంతసేపటికీ కదలడు. మీ ఇళ్లల్లో ఎవరి దగ్గరైనా మూడో సీడీ మంచిది ఉంటే పదో తరగతి బి సెక్షన్‌లో నాకు ఇవ్వండి. కాపీ చేసుకుని తిరిగి ఇచ్చేస్తాను.